లుంగీ గుడ్డ కట్టిన సీసా

కోతల పండగ నాడు సుశీల్ కుమార్ చేతికి మైకు ఇచ్చారంటే ఇక అంతే సంగతులు. మిగతా ఏడాదంతా ఆయన సంఘ పెద్ద, రిటైరైన టికెట్ కలెక్టరు, గొంతు లేపి మాట్లాడని మనిషి. ఆ ఒక్క రోజు మాత్రం బల్ల మీద కోడిగుడ్డు కనపడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, పెట్టిన కోడిని పొగిడి, కోడిని పెంచినామెను లేపి నిలబెట్టి, ఆఖరికి ఆ గుడ్డుకి కోడి ధర పలికించేవాడు. బిట్రగుంట రైల్వే కాలనీ పక్కనున్న ఆ చర్చిలో ఏడాది మొత్తం మీద నవ్వులు ఎక్కువగా వినపడేది ఆ రోజే. ఎవరి పంటలో, ఎవరి పనిలో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. తోటివాళ్ళు వేలం పాడుకుని తీసుకుంటారు. వచ్చింది సంఘానికి పోతుంది. బల్ల మీద వడ్ల మూట, అరటి గెల, సొరకాయలు, కొబ్బరికాయలు, ఎవరో చంటిపిల్లకు కుట్టిన గౌను ఉన్నాయి. వాటి మధ్య ఎర్ర స్టిక్కరు అంటించిన రొయ్యల పచ్చడి సీసా ఉంది. అది రెబెక్కమ్మది.

"వాళ్ళాయన సమాధానం కాలు పడిపోయిన కాడ్నించి ఆ ఇంటిని నిలబెట్టిన పచ్చడమ్మా ఇది" అన్నాడు సుశీల్ కుమార్ సీసాని పైకెత్తి. "చేతులు ముడుచుకోని కూర్చోబాకండి. పాడండి."

పాడారు. ఒకరి మీద ఒకరు పాడారు. రెబెక్కమ్మ చాప మీద తలొంచుకుని కూర్చుందిగానీ లోపల ఒకటే పొంగు. తన పచ్చడి సంగతి ఎప్పుడూ ఇంతే. రెండేళ్ళుగా చూస్తోంది. కాలనీలో ఏ గుమ్మం ముందు నిలబడినా చెప్పిన రేటుకి తీసుకుంటారు. ఒక్కరు బేరమాడరు, ఒక్కరు కొసరడగరు. సంతలో కొత్తిమీర కట్టకి కూడా కొసరు అడిగి మరీ తెచ్చుకునే మనుషులే వీళ్ళంతా. "సరుకు మంచిదైతే ఎవరయ్యా నోరెత్తేది" అని ఆమె మొగుడితో అంటూ ఉండేది. సమాధానం ఆ మాటకి ఏమీ అనేవాడు కాదు. గోడకి ఆనుకుని వెల్లుల్లి వొలుచుకుంటూ ఉండేవాడు.

సీసాని సుశీల్ కుమారే పాడుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయన వంగి బల్ల కిందనుంచి ఇంకో సీసా తీశాడు.

"ఇదేంది, రెబెక్కమ్మ ఈసారి రెండు పెట్టినట్టుందే. సంతోషం తల్లీ."

ఆ సీసా మూతకి నీలం గళ్ళ గుడ్డ కట్టి ఉంది.

ఆ గళ్ళు రెబెక్కమ్మకి తెలుసు. అది సమాధానం లుంగీ. అతను తోలే ఐసు లారీ తిరగబడిన రోజున ఆస్పత్రిలో కత్తెర పెట్టి కోసేసిన లుంగీ. పారెయ్యబుద్ధి కాక ముక్కలు చేసి పోయిన కోతల పండగప్పుడు మూతలకి కట్టింది. గుడ్డ అయిపోయాక కావలిలో స్టిక్కర్లు వేయించింది. కుడిపక్కకి లాగి రెండుసార్లు వేసిన ఆ ముడి కూడా తనదే. ఏడాది గడిచినా దాన్ని ఎవరూ విప్పలేదు.

తను పెట్టింది ఒక్క సీసా. ఇది తను పెట్టలేదు. ఎవరో పోయినేడు కొని, అలాగే ఉంచుకుని, ఇప్పుడు తెచ్చి దేవుడికి పెట్టారు. ఆమె తలెత్తి చుట్టూ చూసింది. ముందు వరసలో కుర్చీలో ఆనందకుమారి టీచరమ్మ కూర్చుని ఉంది. టీచరమ్మ సీసా వంక చూసింది, రెబెక్కమ్మ వంక చూసింది, గబుక్కున పాటల పుస్తకం తెరిచింది. అప్పుడు పాడాల్సిన పాటేదీ లేదు.

ఈలోగా వేలం సాగుతూనే ఉంది. మగవాళ్ళ వైపునుంచి పట్టుబట్టి పాడుతున్నవాడు రవి కుమార్. గూడ్సు బళ్ళ మీద అసిస్టెంటు లోకో పైలట్. గూడూరు నుంచి ఈమధ్యనే బదిలీ మీద వచ్చాడు. అతని భార్య రెజీనా కడుపుతో ఉంది. మోచేత్తో పొడుద్దామంటే అందక, ఆడవాళ్ళ వైపునుంచి కళ్ళతోనే మొగుణ్ణి పొడుస్తోంది. ఆమె పొడిచినప్పుడల్లా అతను చెయ్యెత్తుతున్నాడు. సీసా వాళ్ళకే దక్కింది.

వేలం తర్వాత చర్చి వెనక రేకుల షెడ్డు కింద ప్రేమ విందు. బారుగా ఆకులేశారు. రెబెక్కమ్మ అన్నం బకెట్టు పట్టుకుని వడ్డిస్తోంది గానీ కళ్ళు రెజీనా మీదే ఉన్నాయి. రొయ్యల పచ్చడి మూడు నెలలు ఉంటే గొప్ప. ఏడాది సీసాలో లోపల ఏం జరిగి ఉంటుందో వండిన మనిషికి తెలియదా? సాయంత్రం వాళ్ళింటికి పోయి, చాటుగా ఆ సీసా తీసుకుని కొత్తది ఇచ్చేస్తే సరిపోతుందిలే అని ఆమె ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. రెజీనా సాయంత్రం దాకా ఆగితే కదా. ఆకు ముందు కూర్చోవడం ఆలస్యం, సీసాని ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఇంటికి పోయి తినరాదంటే" అంది పక్కనున్న పెద్దావిడ.

"నోరంతా చప్పబడి పోయుండాది పెద్దమ్మా. ఒక్క ముద్ద."

రెబెక్కమ్మ బకెట్టు అక్కడే దింపేసి వెళ్ళి సీసా మీద చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా. అది తినబాక."

"ఎందుకక్కా?"

"పాతది. పోయినేటిది. కడుపుతో ఉండావు, చెప్తే విను."

గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. బారు మొత్తం తల తిప్పింది. సాంబారు గరిటె బకెట్టుకి తగిలిన చప్పుడొక్కటే వినపడింది. స్తంభం పక్కన మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉన్న టీచరమ్మ మొహంలో నెత్తురు లేదు. ఆమె ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట బయటికి రాకముందే రెబెక్కమ్మ అనేసింది.

"నా పొరపాటే. కొత్తవీ పాతవీ ఒకే అరలో ఉంటే రెండూ తెచ్చేసినట్టుండాను. నీకు కొత్తది చేసిస్తాలేమ్మా."

సుశీల్ కుమార్ దగ్గరికి వచ్చాడు. "పాతది దేవుడి బల్ల మీద పెడితే ఎట్టా రెబెక్కమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. మెల్లగా, బాధగా అన్నాడు. కోపంగా అనుంటే ఆమె రెండు కన్నీటి బొట్లు కార్చి తేలికపడేది.

ఇంటికి వచ్చాక పెరట్లో గుంట తీసి ఆ పచ్చడంతా పోసి మన్ను కప్పింది. పైన నూనె ముదురు గోధుమ రంగుకి తిరిగింది. కంపు గుమ్మం దాకా వచ్చింది. సమాధానం కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డాడు.

"మేయ్, నువ్వు ఒకటే గదా తీసుకపోయింది."

"ఒకటే."

"మరి ఇది?"

చెప్పింది. సమాధానం కర్ర చివరతో గుంట మీద మన్ను సర్దాడు. "మరి నీ నెత్తినెందుకేసుకున్నావు?" అన్నాడు.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ టిఫిన్ క్యారియర్ తెచ్చింది టీచరమ్మ గదా? అట్టాంటి మనిషిని ఆకుల ముందర తలొంచుకునేట్టు చెయ్యమంటావా?"

"అయితే ఇంక పచ్చడి ఎవరు కొంటారు మే?"

ఆ ఇంట్లో పచ్చడి తప్ప ఇంకో ఆదాయం లేదు. సమాధానం కాలు ఇక లారీ ఎక్కదు.

మర్నాడు మామూలుగానే సంచిలో సీసాలు పెట్టుకుని కాలనీకి వెళ్ళింది. మొదటి గుమ్మంలో "ఈ నెలకి ఉందిలే అక్కా" అన్నారు. రెండో గుమ్మంలో "ఉందిలేమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. మూడో ఇంట్లో తలుపు తియ్యకుండానే కిటికీలోంచి "ఉండాది, ఉండాది" అన్నారు. ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. ఆ తీపి మాటలు వింటూ వింటూ రైలు పట్టాల దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఒక అనుమానం తగులుకుంది. పాత సీసా సంగతి విని భయపడితే భయమేస్తోందని అనాలి. వీళ్ళేంటి, ఉంది ఉంది అంటున్నారు? పోయిన నెలది ఇంకా ఎందుకుంది? నలుగురు తినే ఇంట్లో ఒక సీసా నెలంతా ఎట్లా మిగిలింది?

సంచి దించకుండానే ఇంటికి వచ్చింది.

మంగళవారం సాయంత్రం ఆనందకుమారి టీచరమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కుర్చీ వేసినా కూర్చోకుండా, గుడ్డ సంచిలోంచి ఒక్కో సీసా తీసి అరుగు మీద పెట్టింది. అన్నీ ఎర్ర స్టిక్కరు సీసాలు. దేనికీ మూత తీసిన గుర్తు లేదు.

"అది నేనే పెట్టినా రెబెక్కా. ఇంట్లో కానుకకి ఏమీ లేకపాయె. అలమారలో కనపడింది. ఎన్నాళ్ళదో కూడా చూసుకోలా. ఆ పిల్ల తినుంటే ఏమయ్యేదో అనుకుంటే నిద్ర పట్టడంలా నాకు. వచ్చే ఆదివారం లేచి నిలబడి అందరి ముందరా చెప్పేస్తా."

"ఇవన్నీ ఏంది టీచరమ్మా?"

"నువ్వు తెచ్చినప్పుడల్లా కొన్నవి."

"తినలేదా?"

టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన మనిషి, జవాబు రాని పిల్లలా నిలబడింది.

"మొదట్లో తిన్నానమ్మా. ఉప్పు. నోట్లో పెట్టుకోలేకపోయినా. బీపీ మనిషిని. పారెయ్యడానికి మనసొప్పలా, తినడానికి నోరొప్పలా. నీకు చెప్తే బాధపడతావని..."

"మీ ఒక్కరికేనా, అందరికీనా?"

"సుశీల్ వాళ్ళింట్లో అరంతా ఇవే ఉన్నాయంట. వాళ్ళావిడ చెప్పింది. మంచి మనసుతోనే కొంటారు రెబెక్కా. నీకు ఆసరా కావాలనే కొంటారు."

రెబెక్కమ్మ అరుగు మీది సీసాల వంక చూసింది. బేరం లేని రెండేళ్ళు, కొసరడగని రెండేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. సరుకు బాగుందని కాదు. పాపం అని. పాపం అనుకున్నవాళ్ళతో ఎవరు బేరమాడతారు?

"అంటే నేను రెండేళ్ళు అడుక్కున్నానా టీచరమ్మా? గిన్నెకి బదులు సీసా పట్టుకోని?"

"అట్టనబాక తల్లీ."

రెబెక్కమ్మ లోపలికి వెళ్ళింది. పొయ్యి పక్కన అన్నం అప్పుడే వార్చి ఉంది. ఒక పళ్ళెంలో వేడన్నం పెట్టుకొచ్చి, సీసాల్లో కొత్తదాని మూత తీసి, ఎవరో పైమనిషి ఇంటికి వచ్చి తిన్నట్టుగా కూర్చుని ఒక ముద్ద కలుపుకుంది. వంట చేసేటప్పుడు గరిటె చివర నాలిక్కి రాసుకోవడం వేరు, ముద్ద తినడం వేరు. రెండో ముద్ద కలపలేదు. నీళ్ళ చెంబు కోసం చూసింది. అది సమాధానం చేతిలో సిద్ధంగా ఉంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"రెండేళ్ళు నోరు మూసుకున్నావా?"

"నా కాలికి కట్టు నువ్వే కడతావు. ఇస్కపల్లి రేవుకి పోయి రొయ్యలు నువ్వే తెస్తావు. నువ్వే వొలిచి నువ్వే పొయ్యి కాడ నిలబడతావు. ఇంత చేసినాక ఉప్పెక్కువైంది మే అనడానికి నాకు నోరెట్టా వస్తది? చెంబుడు నీళ్ళు తాగేవోణ్ణి, ఊరుకునేవోణ్ణి."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఈ ఉప్పు ఎక్కడ మొదలైందో ఆమెకి తెలుసు. మొట్టమొదటిసారి చేసిన పచ్చడికి బూజు పట్టింది. అంతా పారబోసింది. ఆ రోజునుంచి ప్రతిసారీ దించబోయేముందు చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోతుంది. ఇంకో పిడికెడు. చెడిపోతే ఎట్టా అని మరో చిటికెడు. అది పచ్చడికి వేసిన ఉప్పు కాదు, భయానికి వేసింది.

కాసేపటికి ఆమె టీచరమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. కోపం ఎటు పోయిందో పోయింది. ఈ సీసాలన్నీ కొనకపోయి ఉంటే ఆ ఏడాది సమాధానం మందులు ఎక్కణ్ణుంచి వచ్చేవి? తినలేని పచ్చడిని నెలనెలా కొని, నవ్వుతూ తీసుకుని, తను నొచ్చుకుంటుందని అలమారల్లో దాచిపెట్టుకున్నారు ఇంతమంది. ఇది చిన్న సంగతా? ఆమె టీచరమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీరందరూ మా పొయ్యి ఆరిపోకుండా చూసినారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఆదివారం ఏం చెప్పబాకండి. నాకు ఒక్క పని చెయ్యండి చాలు."

"ఏం చెయ్యమంటావు?"

"మళ్ళా చేస్తా. ఈ తడవ తినండి. తిని, బాగలేకపోతే బాగలేదనండి."

మర్నాడు పొద్దున్నే ఇస్కపల్లి ఆటోలో రొయ్యలు వచ్చాయి. రెబెక్కమ్మ పెరట్లో పీట వేసుకుని తల తుంచి, పొట్టు తీసి, వీపు మీద నల్ల నరం లాగేస్తూ కూర్చుంది. అప్పుడే గేటు చప్పుడైంది. రెజీనా.

"అక్కా, నా సీసా ఏది?"

"చేస్తుండా కూర్చో. నీ ఎదురుగానే చేస్తా."

రెజీనా కూర్చోలేదు. అరుగు మీదున్న సీసాల్లో ముందురోజు మూత తీసిన కొత్తదాంట్లో వేలు ముంచి నాకింది. మొహం చిట్లించింది.

"అయ్య బాబోయ్ ఉప్పు. ఇట్టా ఉంటే ఎట్టా తినేదక్కా?"

రెండేళ్ళలో ఆ మాట తన మొహం మీద అన్న మొదటి మనిషి. రెబెక్కమ్మకి ఆ పిల్లని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. రొయ్యల చేతులైపోయాయి గనక ఊరుకుంది.

"మరి ఆ రోజు అంత పట్టుబట్టి ఎందుకు పాడించినావు మీ ఆయన చేత?"

"గుడ్డ చూసి. ఆ గుడ్డ కట్టుడు చూస్తే మా అమ్మమ్మ కట్టినట్టుండాది. ఇంట్లో చేసిందని నోరూరింది. ఈ ఎర్ర స్టిక్కరుదైతే కొట్లో సరుకులే అనుకోనుంటా."

రెబెక్కమ్మ చేతిలో రొయ్య అలాగే ఆగిపోయింది. ఆ స్టిక్కర్ల కోసం కావలి చుట్టూ ఎన్నిసార్లు తిరిగింది. లుంగీ గుడ్డ నామోషీ అనుకుంది.

రొయ్యలకి పసుపు, కాస్త ఉప్పు పట్టించి మూకుట్లో వేసింది. నీళ్ళు ఊరాయి. ఎప్పుడైతే ఆ నీళ్ళు తగ్గాయనిపించేదో అప్పుడే నూనె పోసేసేది ఇదివరకు. ఈసారి ఆగింది. తడి చుక్క మిగలకుండా రొయ్య ముడుచుకుని మూకుడుకి తగిలినప్పుడు గలగలమనేదాకా ఆగింది. వాళ్ళమ్మ అలాగే చేసేది. బూజు పట్టకుండా ఆపేది ఉప్పు కాదని, తడి లేకపోవడమని అప్పుడు గుర్తొచ్చింది. శెనక్కాయ నూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా తిప్పింది. మంట తగ్గించి కారం, ధనియాల పొడి, లవంగాల పొడి వేసింది. ఉప్పు కొలిచి వేసింది. దించబోతూ ఉండగా చెయ్యి దానంతటదే పక్కకి పోయింది. డబ్బా అక్కడ లేదు.

సమాధానం ఉప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ మూత మీద ఉన్నాయి.

"ఇటియ్యి."

"ఎందుకు?"

"కొంచెం."

"వేసినావు గదా. ఇంక ఇయ్యను."

రెజీనా పడీ పడీ నవ్వింది. చల్లారాక నిమ్మరసం పిండి, వేడన్నంలో కలిపి మొదటి ముద్ద ఆ పిల్లకే పెట్టింది రెబెక్కమ్మ. రెజీనా నమిలి మింగింది. పళ్ళెం ముందుకు జరిపింది, ఇంకొంచెం వెయ్యమన్నట్టు. చెప్పేదాకా ఆగలేక రెబెక్కమ్మే అడిగింది.

"ఎట్టుండాది?"

"ఉండక్కా, తిననీ" అంది రెజీనా.

పళ్ళెం ఖాళీ అయ్యాక ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. "ఇంత పెద్ద సీసా ఎందుకక్కా? మా ఆయన డ్యూటీకి పోతే సంచిలో దీన్ని ఎట్టా పెట్టేది? నూనె కారి బట్టలన్నీ పాడైపోతాయి. బండి దిగి పడుకునే ఆ రన్నింగ్ రూములో డ్రైవర్లు ఒట్టి అన్నం, పెరుగు తింటా ఉంటారు. ఒక డ్యూటీకి సరిపోయేంత చిన్నది చెయ్యి. ఏ రోజు చేసిందో కూడా దాని మీద రాయి. లేకపోతే మళ్ళా ఎవరో ఒకరు పోయినేటిది తింటారు."

తను రెండేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి అమ్మిందేగానీ, కొన్నవాళ్ళు ఎక్కడ కూర్చుని తింటారో, ఎంత తింటారో ఒక్కసారైనా అడిగిందా? అడిగితే చెప్పేవాళ్ళేమో కూడా. రెబెక్కమ్మ ఆ సాయంత్రమే కావలి బస్సెక్కి అరచేతిలో ఇమిడే సీసాలు తెచ్చింది. ఇంటికి వచ్చేసరికి సమాధానం కత్తెర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గళ్ళ గుడ్డ ముక్కలు కుప్పగా ఉన్నాయి.

"ఇది మొన్న క్రిస్మస్‌కి కొన్న లుంగీ గదయ్యా."

"పోయిన తడవ చిరిగిన లుంగీ కట్టినావు, చిరిగిన బేరమే వచ్చింది. ఈసారి కొత్తది కట్టి చూడు" అన్నాడు.

గుడ్డ మీద పెన్నుతో తేదీ వేసి, కుడిపక్కకి లాగి ముడి వేసింది. రవి కుమార్ ఆ రాత్రి డ్యూటీకి పోతూ కొన్ని సీసాలు పట్టుకుపోయాడు. అన్నీ ఊరికే ఇస్తానన్నా రెజీనా ఒప్పుకోకుండా, వేలంలో పాడుకున్నదానికి బదులు ఒక్క సీసా తీసుకుని, మిగతావాటికి డబ్బులిచ్చి, రన్నింగ్ రూములో వాళ్ళకి మొగుడి చేత రుచి చూపిస్తానని చెప్పింది. "నీ కష్టాల సంగతి చెప్పొద్దన్నానక్కా. పచ్చడి ఎట్టుందో అదే చెప్పమన్నా" అంది.

ఆ రెండు రోజులూ రెబెక్కమ్మ ఇంటింటికీ తిరగలేదు. సుశీల్ కుమార్ భార్యతో మొదలుపెట్టి, అలమారల్లో ఉన్న పాత సీసాలు తనకిచ్చేయమని కబురు పంపింది. వచ్చినవి వచ్చినట్టు పెరట్లో పూడ్చింది. ఇచ్చినవాళ్ళందరికీ ఒక్కో చిన్న సీసా పంపింది. ఎవరూ ఏమీ అనలేదు. బాగుందని రాలేదు, బాగలేదనీ రాలేదు. శుక్రవారం పొద్దు కుంకేదాకా ఆమె గేటు వంకే చూస్తూ కూర్చుంది. ఇదీ పోతే ఇంకేం చెయ్యాలో తెలియదు. సమాధానం వెల్లుల్లి వొలుస్తూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఎండ గేటు మీద మండుతున్నప్పుడు, ఎవరో తెల్లబట్టల మనిషి వచ్చి నిలబడ్డాడు. గూడ్సు గార్డు. విజయవాడ వైపు మాట.

"రొయ్యల పచ్చడి అమ్మేది ఇక్కడేనా అమ్మా?"

ఆమెకి అతనెవరో తెలియదు. అతనికి ఆమె ఎవరో తెలియదు. కాలు పడిపోయిన మొగుడు తెలియదు, లారీ తెలియదు. సీసాలు తెచ్చి చూపించింది. రేటు చెప్పింది.

"ఇంత సీసాకి అంతా?" అన్నాడు. "మరీ ఎక్కువ చెబుతున్నారమ్మా. మూడు తీసుకుంటాను, సరిగ్గా చెప్పండి."

రెబెక్కమ్మ సీసా చేతిలో పట్టుకుని అతని వంకే చూసింది.

"అట్లా చూస్తారేంటమ్మా? తగ్గించమంటున్నాను."

"బాగుందా?" అని అడిగింది.

"బాగాలేకపోతే ఈ ఎండలో ఇంత దూరం నడిచి ఎందుకొస్తానండీ? నిన్న రన్నింగ్ రూములో రవి పెట్టాడు. మా వాళ్ళు సీసా కడిగి నీళ్ళు కూడా తాగేట్టున్నారు. అయినా సరే, రేటు మాత్రం ఎక్కువే."

"ఒక్క నిమిషం" అని ఆమె లోపలికి పోయింది. సమాధానం తలెత్తాడు. ఆమె కళ్ళు చూసి కంగారుపడ్డాడు.

"ఏందిమే? ఏమన్నాడు?"

"బేరమాడతుండాడయ్యా" అంది ఆమె.

సమాధానం చేతిలో వెల్లుల్లి పక్కన పెట్టాడు. అతని మొహం మొత్తం నవ్వైంది. "తగ్గించబాక" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది. రొయ్య రేటు చెప్పింది, నూనె రేటు చెప్పింది, నీళ్ళింకిపోయేదాకా పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడాలో చెప్పింది. తగ్గించనంది. గార్డు గేటు దాటి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేశాడు. ఆమె పిలవలేదు. అతనే తిరిగి వచ్చాడు.

"పోనీ, కొసరైనా వెయ్యండి."

అతని టిఫిను డబ్బా మూతలో గరిటెడు పచ్చడి వేసింది. గరిటె నిండా వేసింది. అతను డబ్బులిచ్చి, వచ్చేవారం ఇంకో ఇద్దరు వస్తారని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను పోయాక చూస్తే గేటు పక్కన గొడుగు పట్టుకుని ఆనందకుమారి టీచరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది.

"ఎవరో దారిన పోయే మనిషికి కొసరేస్తావు. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి వేసినావా?"

"మీరు అడిగినారా ఎప్పుడన్నా?"

"ఇప్పుడడుగుతుండా. ఒక సీసా ఇయ్యి. నాక్కూడా రేటు తగ్గియ్యి."

"టీచరమ్మకైతే అసలు తగ్గించను" అంది రెబెక్కమ్మ. అంటూనే సీసా తెచ్చి ఇచ్చింది.

టీచరమ్మ డబ్బులు లెక్కపెట్టి అరుగు మీద పెట్టింది. సీసాని సంచిలో వేసుకోలేదు. గొడుగు గోడకి ఆనించి, అక్కడే కూర్చుని, గళ్ళ గుడ్డ ముడి విప్పింది. వేళ్ళకి పట్టు చిక్కక రెండుసార్లు జారింది. రెబెక్కమ్మ సాయం చెయ్యలేదు. ఆ ముడి ఆమె చేత్తోనే విప్పాలి. మూత వచ్చింది. రొయ్య ఒకటి తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని నమిలింది. గుమ్మంలో సమాధానం కర్ర మీద నిలబడి చూస్తున్నాడు.

"ఏం చెప్పమంటావు?" అంది టీచరమ్మ కళ్ళు తెరవకుండానే.

"ఉన్నదే చెప్పండి."

టీచరమ్మ ఇంకో రొయ్య తీసుకుంది. అదీ నమిలి మింగింది. "ఉప్పు సరిపోయింది" అంది. "కారమే ఒకపాలు ఎక్కువైంది రెబెక్కా."

"స్తోత్రం ప్రభువా" అంది రెబెక్కమ్మ. ఆ మాట అంత మనసారా అని చాలా కాలమైంది.

గుమ్మంలో సమాధానం మెల్లగా లోపలికి తిరిగాడు. పొయ్యి పక్కకి పోయి గోడకి ఆనుకుని కూర్చుని, ఉప్పు డబ్బా పక్కనే కారం డబ్బా కూడా ఒళ్ళోకి లాక్కున్నాడు.